ధర తగ్గింది సరే, ఏడాది ఖర్చు మాటేమిటి?

సంపాదకులకు,

2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగిన దగ్గర నుంచి కార్ల ధరల వార్తలకు మన పత్రికల్లో లోటు లేదు. ఏ మోడల్ మీద ఎంత తగ్గింది, నెలవాయిదా ఎంత పడుతుంది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది అని పట్టికలు వేసి మరీ చెబుతున్నారు. ఇంటికి తెచ్చుకున్నాక ఆ బండి ఏడాదికి ఎంత మింగుతుందన్న పట్టిక మాత్రం కనబడదు. కొత్తగా కారు కొనే కుటుంబం వేసుకునే లెక్కలో సాధారణంగా రెండే అంకెలుంటాయి: నెలవాయిదా, పెట్రోలు. మిగతావి ఏడాదికోసారి, మూడేళ్లకోసారి, ఐదేళ్లకోసారి వచ్చి మీద పడతాయి. పడ్డప్పుడు 'అనుకోని ఖర్చు' అంటాం. నిజానికి వాటిలో అనుకోనిది దాదాపు ఏదీ ఉండదు.

ఒక చిన్న పెట్రోలు కారు తీసుకుందాం. 1,197 సీసీ ఇంజను, రోడ్డెక్కేసరికి 8 లక్షలు. అందులో 6 లక్షలు బ్యాంకు అప్పు, 9 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు. వాడకం ఏడాదికి 8,000 కిలోమీటర్లు: విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి ద్వారకానగర్‌కు ఆఫీసు, ఆదివారం భీమిలి, పండక్కి ఊరు. ఊళ్లో తిరుగుడికి లీటరుకు 15 కిలోమీటర్లు వస్తే మంచి బండే. పెట్రోలు లీటరు 110 రూపాయలని లెక్కకు పెట్టుకుంటే కిలోమీటరుకు 7 రూపాయల 33 పైసలు, ఏడాదికి 58,700. ఇది అందరికీ తెలిసిన ఖర్చే.

ఇక లెక్కలోకి రానివి. నెలవాయిదా 12,455 అని తెలుసు గానీ అందులో వడ్డీ ఎంతో చూడం. ఐదేళ్లలో కట్టేది 7,47,300. అంటే వడ్డీ 1,47,300, ఏడాదికి సుమారు 29,500. ఐదేళ్ల తర్వాత ఆ బండి 4 లక్షలకు అమ్ముడైతే విలువలో తరుగు ఏడాదికి 80,000. బీమా సగటున 12,000, సర్వీసు 8,000, టైర్లు, బ్యాటరీ, బ్రేకుల కోసం పక్కన పెట్టాల్సింది 7,000. బండి తుడిచే మనిషికీ వాటర్ సర్వీసింగుకీ 6,000, టోలు, పార్కింగు, పంక్చర్లకు 5,000. అన్నీ కలిపితే 2,06,200. కిలోమీటరుకు దాదాపు 26 రూపాయలు. జేబులోంచి తీసి ఇస్తున్నట్టు అనిపించే 7 రూపాయలకు ఇది మూడున్నర రెట్లు.

ఇదే బండి 4,000 కిలోమీటర్లే తిరిగితే? పెట్రోలు సగమవుతుంది గానీ మిగతా లక్షా 47 వేలు ఇంచుమించు అలాగే ఉంటాయి. అప్పుడు కిలోమీటరుకు 44 రూపాయలు. 15,000 తిరిగితే 17కు దిగుతుంది. తక్కువ తిప్పి ఆదా చేస్తున్నామనుకునే ఇళ్లలోనే కారు ఖరీదు ఎక్కువ. వారానికి రెండుసార్లు బయటికి తీసే బండి ఉన్నవాళ్లు అదే రెండుసార్లకూ క్యాబ్‌కు ఎంతవుతుందో ఒక్క నెల రాసి చూసుకుంటే మంచిది. కారు వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. వానలో ముసలివాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు కిలోమీటరు ధర ఎవరూ చూడరు. కానీ ధర తెలిసి కొనడం వేరు.

పై లెక్కలో అన్నిటికన్నా పెద్దది తరుగు. లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషను, మొదటి బీమా, ఈ మూడూ షోరూం గుమ్మం దాటగానే తిరిగి రాని డబ్బు. ఆ పైన బీమా కంపెనీలు ఒప్పుకునే విలువ ఎలా దిగుతుందో చూడండి: ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, ఐదేళ్లకు 50 శాతం కోత. పన్ను తగ్గిందన్న సంబరంలో ఎవరూ అనని మాట ఇంకొకటుంది. కొత్త బండి ధర దిగితే, పక్కింటివాళ్ల వాకిట్లో ఉన్న రెండేళ్ల బండి ధర కూడా దాంతోపాటు దిగుతుంది. పాత బండి అమ్మి కొత్తది కొనేవాళ్లకు తగ్గింపులో కొంత ఇటు వచ్చి అటు పోయినట్టే.

తరుగును ఆపలేం. బీమా మీద మాత్రం మన చేతుల్లో చాలా ఉంది, చాలామంది నష్టపోయేదీ అక్కడే. థర్డ్ పార్టీ భాగం, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టేది, దాని రేటు ప్రభుత్వం నిర్ణయించేది, ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094, 1,000 నుంచి 1,500 సీసీ వరకు 3,416, ఆ పైన 7,897 రూపాయలు. మీద 18 శాతం జీఎస్టీ. కొత్త కారుకు మూడేళ్లది ఒకేసారి కట్టాలి. బేరం ఆడగలిగేది సొంత నష్టం భాగం మీద, అంటే మన బండికే జరిగే నష్టానికి కట్టేదాని మీద. షోరూంలోనో, పాలసీ గడువు ముగిసే రోజు ఫోన్లోనో మొదట చెప్పిన అంకెకు ఒప్పుకోకుండా, అదే విలువకు, అవే అదనపు కవర్లకు మరో రెండు చోట్ల అడిగితే తేడా తెలుస్తుంది. ప్రీమియం తగ్గించామంటూ కొందరు బండి విలువను తగ్గించి చూపిస్తారు. అది తగ్గింపు కాదు. బాగుచేసే ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే బండి పూర్తిగా పోయినట్టు లెక్కగట్టి, ఆ తగ్గించిన విలువే చేతిలో పెడతారు.

నో క్లెయిమ్ బోనస్ సంగతి ఇంకా దగ్గరగా చూడాలి. క్లెయిమ్ లేని ఏడాదికి సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదో ఏడాదికి 50 శాతం తగ్గింపు. ఒక్క క్లెయిమ్ చేస్తే నిచ్చెన మీంచి నేల మీదికి. సొంత నష్టం ప్రీమియం 8,000 ఉన్న బండికి 50 శాతం బోనస్ ఉందనుకోండి. జగదాంబ దగ్గర ఆటో రాసుకుని బంపరు గీరుకుపోయింది, పెయింటింగుకు 4,000 అడిగారు. క్లెయిమ్ చేస్తే, ప్రతి క్లెయిమ్‌లోనూ మనమే భరించాల్సిన తప్పనిసరి కోత 1,000 పోగా చేతికి వచ్చేది 3,000. ఇప్పుడు పోయేది చూడండి. మరుసటి ఏడాది 4,000 తగ్గింపు మొత్తం పోయింది. ఆ పై ఏడాది 50కి బదులు 20 శాతమే గనుక 2,400, తర్వాత 2,000, 1,200, 400. మొత్తం పదివేలు. బండి పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి ఏడెనిమిది వేలే అనుకున్నా, మూడు వేల కోసం చేసిన క్లెయిమ్ అది. అందుకే చిన్న గీతలకు టింకరింగ్ షెడ్డులో సొంత డబ్బు పెట్టుకోవడమే లాభం. పెద్ద దెబ్బకు మాత్రం వెనకాడకూడదు.

ఆ బోనస్ బండిది కాదు, మనిషిది. పాత కారు అమ్మేటప్పుడు బీమా కంపెనీ నుంచి బోనస్ ధ్రువపత్రం తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకు వాడుకోవచ్చు. తీసుకోకుండా పాలసీ కాగితంతో సహా కొన్నవాడికి అప్పగించేసి, కొత్త బండికి పూర్తి ప్రీమియం కట్టేవాళ్లు ఎందరో. గడువు దాటి 90 రోజుల్లోపు పాలసీ పునరుద్ధరించకపోయినా బోనస్ పోతుంది.

జీరో డిప్రిసియేషన్ కవర్, అంటే మార్చిన భాగాల విలువలో తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్, లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం విలువే ఇస్తారు. ఈ కాలపు కార్ల ముందు భాగంలో బంపరు, గ్రిల్లు, ఫాగ్ ల్యాంపు చట్రం, ఫెండరు లైనరు అన్నీ ప్లాస్టిక్కే. ఐదేళ్లలోపు బండికి ఆ కవర్ ఉండాలి. ఇంజను రక్షణ కవర్ కూడా మన ఊరికి అవసరమే. గట్టి వాన పడితే లోతట్టు కూడళ్లలో, రైల్వే వంతెనల కింద నీళ్లు నిలిచే ఊరు ఇది. నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ తాళం తిప్పకూడదు. గాలి లోపలికి వెళ్లే గొట్టం ద్వారా సిలిండరులోకి చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు. పిస్టన్ పైకి వచ్చి దాన్ని గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అప్పటిదాకా ఎయిర్ ఫిల్టరు, ఆయిలు మార్చి, స్పార్క్ ప్లగ్గులు విప్పి నీళ్లు తోడేస్తే పోయేది, ఒక్క తాళం తిప్పుడుతో ఇంజను విప్పే పనవుతుంది. మునిగాక మీరే స్టార్ట్ చేశారు కాబట్టి ఇది మా బాధ్యత కాదని మామూలు పాలసీలో క్లెయిమ్ కొట్టేస్తారు. తుపాను సంగతీ అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ వచ్చినప్పుడు చెట్లు కూలి నలిగిన బండ్లను ఊరంతా చూసింది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్లకు అలాంటి నష్టానికి పైసా రాదు.

హైదరాబాదు లెక్కలు విశాఖకు సరిపోకపోవడానికి కారణం సముద్రం. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. వాన లేని రోజు కూడా బీచ్ రోడ్డు వైపు నిలిపే బండి అడుగు తెల్లవార్లూ చెమ్మగానే ఉంటుంది. తుప్పు కనబడే చోట మొదలవదు. తలుపుల కింది అంచున నీళ్లు దిగే సన్నటి కన్నాలుంటాయి. ఇసుక, దుమ్ము చేరి అవి పూడుకుంటే తలుపు లోపల నీరు నిలిచి లోపల్నుంచి తింటుంది. పైకి పొక్కు కనబడేసరికి రేకు పోయినట్టే. పుల్లతో ఆ కన్నాలు శుభ్రం చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. తర్వాత చూడాల్సినవి చక్రాల పైగూడు అంచులు, సైలెన్సరు అతుకులు, ముందు అద్దం కింద ఆకులు చేరే గాడి. వాటర్ సర్వీసింగుకు ఇచ్చినప్పుడు పైన నురుగు పట్టించడం కాదు, బండిని ర్యాంపు ఎక్కించి అడుగున మంచినీళ్లు కొట్టమనాలి. అండర్‌బాడీ కోటింగ్ మన ఊరికి పనికొచ్చేదే, కొత్తలో వేయిస్తేనే. తుప్పు పట్టాక దాని మీద పూస్తే చెమ్మను లోపల బంధించి మూత పెట్టినట్టవుతుంది.

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే ముందు నెగటివ్ తీగ విప్పి, తర్వాత పాజిటివ్ విప్పి, వేడినీళ్లు పోసి బ్రష్‌తో రుద్ది, ఆరాక బిగించి పైన వ్యాజలీన్ పూయాలి. బిగించేటప్పుడు నెగటివ్ చివర. నిలిపి ఉంచిన బండిని వాకిట్లో ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే బ్యాటరీకి మేలు జరగదు. స్టార్ట్ కావడానికి వాడుకున్న ఛార్జీ కూడా తిరిగి నిండదు. వారానికోసారి అరగంటైనా రోడ్డు మీద నడపాలి.

ఉప్పు చేసే పనుల్లో ఖరీదైనది బ్రేకుల దగ్గర. ముందు చక్రాల దగ్గర ప్యాడ్లను డిస్కుకు నొక్కే బ్రేక్ క్యాలిపరు రెండు పిన్నుల మీద జారుతూ ముందుకీ వెనక్కీ కదలాలి. ఆ పిన్నుల రబ్బరు తొడుగులో ఉప్పుచెమ్మ దూరితే పిన్ను బిగుసుకుపోతుంది. కాలు తీసినా ప్యాడు డిస్కును వదలదు. బండి బరువుగా లాగుతుంది, మైలేజీ పడిపోతుంది, పెట్రోలు బంకును అనుమానిస్తాం. ప్యాడ్ల జత విప్పి పక్కపక్కన పెడితే సంగతి తెలిసిపోతుంది: లోపలిది రెండు మిల్లీమీటర్లకు అరిగిపోయి ఉంటుంది, బయటిది ఏడెనిమిది మిల్లీమీటర్ల మందంతో దాదాపు కొత్తదిలాగే ఉంటుంది. ప్యాడ్లు మాత్రం మార్చి పిన్నులు వదిలేస్తే కొన్ని నెలలకు మళ్లీ అదే. పిన్ను బయటికి తీసి, పాత గ్రీజు తుడిచి, సిలికాన్ గ్రీజు పెట్టాలి. మామూలు చక్రాల గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. ఇంట్లో పరీక్షించాలంటే, గట్టి బ్రేకులు కొట్టకుండా పది కిలోమీటర్లు నడిపి వచ్చి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే దోషం అక్కడే. పదిరోజులు ఊరెళ్తే హ్యాండ్ బ్రేకు వేసి వదలకండి. చదును నేల మీద గేరులో పెట్టి చక్రానికి చెక్క అడ్డం పెట్టండి. లేకపోతే బ్రేక్ షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి.

బ్రేక్ ఆయిలు తేమను పీల్చుకునే ద్రవం. రెండేళ్లకోసారి మార్చమని తయారీదార్లు చెప్పేది అందుకే. అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగుతూ గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు పెట్టి వస్తే ఆ తేమ ఆవిరై పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. రెండో గేరు, మూడో గేరులో దిగితే ప్యాడ్లూ మిగులుతాయి, ప్రాణమూ మిగులుతుంది. ఎత్తు మీద సిగ్నల్ పడ్డప్పుడు సగం క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటు కూడా మన కొండల ఊరి జబ్బే. హ్యాండ్ బ్రేకు వేస్తే క్లచ్ ప్లేటు ఎన్నేళ్లో ఎక్కువ వస్తుంది.

ఏసీ చల్లదనం తగ్గిందంటే 'గ్యాస్ అయిపోయింది' అంటారు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. మన దగ్గర ఎక్కువగా రేడియేటరు ముందుండే కండెన్సరే దోషి. ఉప్పుకు దాని అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలుతుంటాయి. నైట్రోజన్ ఒత్తిడి పెట్టి లీకు పట్టుకోకుండా గ్యాస్ నింపించుకుంటే అదే డబ్బు వచ్చే వేసవిలో మళ్లీ పెట్టాలి.

సర్వీసు విషయంలో జరిగే తప్పు ఒక్కటే: 'పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది' అన్న వాక్యంలో రెండో సగం చదవకపోవడం. సీతమ్మధార నుంచి సిరిపురానికి వెళ్లి ఆగిపోయే ఇంజను పూర్తిగా వేడెక్కదు. ఆయిల్లో చేరిన తేమ, కాలని పెట్రోలు ఆవిరి కావు. 3,000 కిలోమీటర్లే తిరిగిన బండికి కూడా ఏడాది తిరిగేసరికి ఆయిలు, ఫిల్టరు మార్చాల్సిందే. చిన్న కారుకు ఆయిలు మూడు, మూడున్నర లీటర్లు. ఆ డబ్బు దాచుకుని, ఇంజను ఫ్లష్, ఏసీ డిసిన్ఫెక్టెంటు, టెఫ్లాన్ పాలిష్ అని జాబ్ కార్డులో చేర్చినవాటికి సంతకం పెట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది. బండితో ఇచ్చిన పుస్తకంలోని పట్టిక పక్కన పెట్టుకుని, అందులో లేనిదేదైనా ఎందుకని అడగండి. పోర్టు దుమ్ము తగిలే వన్‌టౌన్, గాజువాక వైపు మాత్రం ఎయిర్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు పుస్తకం చెప్పిన గడువు కంటే ముందే చూసుకోవాలి.

టైర్లు కిలోమీటర్లకే కాదు, ఏళ్లకూ అయిపోతాయి. పక్కగోడ మీద ఉండే నాలుగంకెల్లో 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. తక్కువ తిరిగే బండ్లలో గాడి నిండుగా ఉన్నా ఐదారేళ్లకు గోడ మీద సన్నటి బీటలు వస్తాయి. కొనేటప్పుడు కూడా ఆ అంకె చూసే కొనాలి. రెండంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే ఎక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. రెండు వారాలకోసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన అంకె ప్రకారం గాలి పట్టించాలి. బంకులో అబ్బాయి చెప్పిన అంకె కాదు.

మైలేజీ తగ్గిందన్న ఫిర్యాదుల్లో కొంత ఈ20 పెట్రోలుది, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుది. నీతి ఆయోగ్ నివేదిక అంచనా ప్రకారమే పాత తరం కార్లలో 6-7 శాతం, ఈ10కు తయారై ఈ20కి సర్దినవాటిలో 1-2 శాతం తగ్గుతుంది. అంతకు మించి పడితే బ్రేకులు, టైర్లలో గాలి చూడండి.

ఫాస్టాగ్ వార్షిక పాసు 2025లో వచ్చినప్పుడు 3,000. 200 సార్లు లేదా ఏడాది, జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల మీదే చెల్లుతుంది. నెలకోసారి శ్రీకాకుళం వెళ్లొచ్చే బండి నాతవలస గేటు ఏడాదికి 24 సార్లు దాటుతుంది, అంటే ఆ ధరకు సారికి 125 పడినట్టు. గేటు ఛార్జీతో పోల్చుకుని తీసుకోండి. బీఎస్4, బీఎస్6 బండ్లకు పొల్యూషన్ సర్టిఫికెట్టు ఏడాదికోసారి. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణకు 5,000, ఇరవై దాటితే 10,000 రుసుము.

మీ పత్రికకు ఒక విన్నపం. కొత్త కార్ల గురించి రాసేటప్పుడు ధర, మైలేజీ పక్కన ఇంకో నాలుగు వివరాలు వేయండి: ఇంజను సీసీ, దానికి పడే థర్డ్ పార్టీ ప్రీమియం, టైరు సైజు, ఆ సైజు టైరు ఒక్కోటి ధర. 998 సీసీ బండికి 2,094, 1,197 సీసీకి 3,416, 1,500 దాటితే 7,897 అన్న తేడా, 14 అంగుళాల టైరుకూ 17 అంగుళాల టైరుకూ ఉన్న తేడా కొనబోయేవాళ్లకు అడ్వాన్సు కట్టక ముందే తెలియాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం